సమాధాన మార్గం: క్రిస్మస్ వేళ క్షమాపణను గురించి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు సంఘాలు కలిసి జరుపుకున్న క్రిస్మస్ కూటమిలో చేసిన ప్రసంగం. ఆ సాయంకాలం రాలేకపోయినవారు చదువుకొనేందుకు రికార్డింగు విని రాసినది.)

సంఘ పెద్దలకు, అయ్యగార్లకు, తల్లులకు, యౌవనస్థులకు, పాతపట్నం వైపు నుంచి, గుణుపురం వైపు నుంచి, కొండమీది సవర గ్రామాల నుంచి చలిలో ప్రయాణం చేసి వచ్చిన సహోదర సహోదరీలకు, మన పిలుపును మన్నించి ఈ సాయంకాలం మనతో కూర్చున్న ఇతర మతాల పెద్దలకు నా వందనాలు.

పెద్దలు నాకు ఇచ్చిన అంశం క్రిస్మస్ సమాధానం. వారి అనుమతితో దానికి నేను క్షమాపణను కూడా చేర్చుకున్నాను. ఎందుకు చేర్చుకున్నాను? క్షమాపణను పక్కన పెట్టి సమాధానాన్ని గురించి నాలుగు తియ్యని మాటలు చెప్పి కూర్చోవడం సులభమే గాని, సువార్తలో ఈ రెండింటినీ విడదీసే వీలు లేదు. లూకా సువార్త మొదటి అధ్యాయాన్ని జ్ఞాపకం చేసుకోండి. బేత్లెహేముకు ముందు, గొఱ్ఱెల కాపరులకు ముందు, జెకర్యా అనే వృద్ధ యాజకుడు కనబడతాడు. దూత మాటను నమ్మనందున కుమారుడు పుట్టేవరకు అతనికి మాట పడిపోయింది. యోహాను పుట్టి, ఎనిమిదవ దినాన పేరు పెట్టే వేళ అతని నోరు తెరవబడింది; అప్పుడు అతడు పాడిన పాట మన బైబిలులో ఉంది. ఆ పాట చివరి భాగంలో మొదట పాపక్షమాపణ వస్తుంది. తరువాత చీకటిలోను మరణచ్ఛాయలోను కూర్చున్నవారికి వెలుగు వస్తుంది. అన్నిటికంటె చివర, మన పాదాలను సమాధాన మార్గంలోకి నడిపించడం వస్తుంది. వరుస చూడండి. క్షమాపణ ముందు, సమాధానం తరువాత. దూతలు పాడిన సమాధానం రెండవ అధ్యాయంలో ఉంది గాని, దాని పునాది మొదటి అధ్యాయంలోనే పడింది. మనం ప్రతి డిసెంబరులోను రెండవ అధ్యాయాన్ని పిల్లల చేత నాటకం వేయిస్తాం, మొదటి అధ్యాయంలోని ఈ పాటను దాటిపోతాం.

నేను ఈ సాయంకాలం చెప్పదలచుకున్నది దాదాపు ఇంతే. క్రిస్మస్ ప్రకటించే సమాధానం క్షమాపణ గుండా వస్తుంది. క్షమాపణకు వెల ఉంది. ఆ వెలను తప్పు చేసినవాడు చెల్లించడు, తప్పుకు గురైనవాడు చెల్లిస్తాడు. అందువలన గాయపడినవారి ఇంటికి వెళ్లి, పండుగ వస్తోంది కదా, క్షమించేయండి అని తేలికగా చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు. ఎవరికీ లేదు. సంఘ పెద్దలకు కూడా లేదు.

ఇప్పుడు రెండవ అధ్యాయానికి రండి. అది ఎవరి పేరుతో మొదలవుతుంది? యేసు పేరుతో కాదు, కైసరు ఔగుస్తు పేరుతో మొదలవుతుంది. సర్వలోకానికి ప్రజాసంఖ్య రాయవలెనని అతని ఆజ్ఞ వెలువడింది. ఈ ఔగుస్తు తన కాలంలో లోకానికి శాంతి తెచ్చినవాడుగా పేరు పొందిన చక్రవర్తి. క్రీ.పూ. 13లో రోము సెనేటు అతని గౌరవార్థం శాంతికి ఒక బలిపీఠం కట్టాలని తీర్మానించి, క్రీ.పూ. 9లో దానిని ప్రతిష్ఠించింది. ఆ బలిపీఠం ఉన్న మైదానానికి యుద్ధదేవుడైన మార్స్ పేరు ఉండేది. అదే కాలంలో ఆసియా రాష్ట్రంలోని గ్రీకు పట్టణాలు అతని పుట్టినరోజుతో సంవత్సరం ప్రారంభించాలని నిర్ణయించుకున్నాయి. నేటి తుర్కియేలోని ప్రియేనె అనే పాత పట్టణంలో దొరికిన రాతి శాసనం, యుద్ధాన్ని ఆపిన రక్షకుడని అతనిని పొగిడింది. లూకా ఈ కథను రాసినప్పుడు, చదివేవారిలో చాలామందికి రక్షకుడు అనగానే గుర్తుకు వచ్చే పేర్లలో ఔగుస్తుది ఒకటి. ఆ పేరు కిందనే, పశువుల తొట్టిలో పొత్తిగుడ్డలతో పడుకున్న ఒక శిశువును చూపించి, నేడు రక్షకుడు మీకొరకు పుట్టియున్నాడని దూత కాపరులతో చెప్పింది.

రోము తెచ్చిన శాంతికి వెల ఎవరు చెల్లించారు? హేరోదు రాజు క్రీ.పూ. 4లో చనిపోగానే యూదయలోను గలిలయలోను తిరుగుబాట్లు లేచాయి. సిరియాలో రోము అధిపతిగా ఉన్న వారుస్ సైన్యాలతో దిగివచ్చాడు. గలిలయలోని సెప్ఫోరిస్ పట్టణం తగలబడింది, అక్కడి జనం బానిసలుగా అమ్ముడుపోయారు. యెరూషలేము ప్రాంతంలో సుమారు 2000 మందిని సిలువ వేశారని యూదు చరిత్రకారుడైన జోసీఫస్ రాశాడు. ఆ సెప్ఫోరిస్ నజరేతుకు ఎంత దూరం? సుమారు ఆరు కిలోమీటర్లు. ఇక్కడి యువకులు గంటన్నరలో నడిచిపోగలరు. యేసు పెరిగిన ఊరికి కనుచూపుమేరలోనే ఆ బూడిద ఉంది. యోసేపు మరియలు ఆ వార్తలు వినకుండా ఉంటారా? సమాధానం అనే మాట వారి చెవులకు ఎలా వినిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. శత్రువును లేకుండా చేయడమే రోముకు తెలిసిన శాంతి. అందరూ భయపడి నోరు మూసుకొంటే దేశం ప్రశాంతంగా ఉన్నదని రాజధానికి ఉత్తరం వెళుతుంది.

అయితే దేవుడు తన శత్రువులను ఏమి చేశాడు? పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఐదవ అధ్యాయంలో దీనికి జవాబు ఉంది: మనం శత్రువులమై యుండగానే ఆయన కుమారుని మరణం ద్వారా ఆయనతో సమాధానపరచబడ్డాం. మనం మారిన తరువాత కాదు, మనం వచ్చి కాళ్లమీద పడిన తరువాత కాదు, శత్రువులమై యుండగానే. శత్రువు తలమీద కత్తి పెట్టకుండా, దేవుడు తానే శత్రువు ఇంటికి శిశువుగా వచ్చాడు. వచ్చినవానికి శత్రువు ఇల్లు ఏమి ఇచ్చింది? తొట్టి ఇచ్చింది, హేరోదు కత్తి ఇచ్చింది, ఐగుప్తు పారిపోయే దారి ఇచ్చింది, చివరకు సిలువ ఇచ్చింది. వెల చెల్లించడం అంటే ఇది. క్రిస్మస్‌ను మనం తొట్టి దగ్గరే ఆపేస్తే ఈ వెల మనకు కనబడదు.

ఇక వెల అనే మాట దగ్గర కాసేపు నిలుద్దాం. మత్తయి 18లో పేతురు యేసును ఒక ప్రశ్న అడిగాడు. ప్రభువా, నా సహోదరుడు నాయెడల తప్పిదం చేస్తే ఎన్ని మారులు క్షమించాలి, ఏడు మారులా? దానికి యేసు ఏడు మారుల మట్టుకు కాదు, డెబ్బది ఏళ్ల మారుల మట్టుకు, అంటే డెబ్బది సార్లు ఏడు మారులు, అని చెప్పి, ఒక రాజు కథ చెప్పాడు. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే అప్పుపడి ఉన్నాడు. రాజు కనికరపడి అంతా విడిచిపెట్టాడు. ఆ దాసుడు బయటికి వెళ్లి, తనకు నూరు దేనారాలు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. ఈ కథను మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. విని విని, నూరు దేనారాలంటే ఏదో చిల్లర అని అనుకుంటున్నాం. చిల్లరేనా? ఆనాడు దేనారం ఒక కూలివాని దినకూలి. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. 2005 ఉపాధి హామీ చట్టం ఒక గ్రామీణ కుటుంబానికి సంవత్సరానికి ఎన్ని రోజుల పని హామీ ఇచ్చింది? 100 రోజులు. ఆ నూరు రోజుల కూలి కోసం ఎర్రటి ఎండలో మట్టి మోసినవారు ఈ సభలో కూర్చున్నారు. ఆ డబ్బు ఎవరైనా తిని ఎగ్గొడితే అది చిన్న విషయమని మీరు వారితో చెప్పగలరా? యేసు అలా చెప్పలేదు. నీకు జరిగిన నష్టం చిన్నదని ఆయన చెప్పలేదు. నూరు రోజుల నష్టాన్ని నూరు రోజుల నష్టంగానే లెక్క వేశాడు.

ఆ తరువాతే రెండవ లెక్కను చూపించాడు. ఒక తలాంతు సుమారు 6000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. సంవత్సరానికి 300 రోజులు పని చేసినా 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. అంటే ఎన్ని తరాలు పుట్టి గిట్టినా తీరని అప్పు. ఆ అప్పును రాజు విడిచిపెట్టాడు. విడిచిపెట్టాడంటే ఆ డబ్బు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, ఆ నష్టం రాజు నెత్తిమీదికి వచ్చింది. అప్పును క్షమించినవాడే ఆ అప్పును మోస్తాడు. క్షమాపణలో ఇదే కష్టమైన సంగతి. ఒకడు నన్ను గాయపరిస్తే, అతనిని క్షమించడమంటే గాయం లేదని చెప్పడం కాదు. ఆ గాయపు నొప్పిని తిరిగి అతని మీదికి పంపకుండా, దేవుని ఎదుట నేనే దించుకోవడం. ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. అందుకేనేమో ప్రభువు ఏడుతో ఆపలేదు. ఒకే తప్పును ఈ ఉదయం క్షమించి, సాయంకాలం అది మళ్లీ గుండెలో లేచినప్పుడు మళ్లీ క్షమించవలసి వచ్చే తల్లులు ఎంతమంది ఉన్నారు!

ఇక్కడ సంఘ పెద్దలతో ఒక మాట చెప్పాలి, దయచేసి కోపపడవద్దు. మన సంఘాలలో తగవులు వస్తాయి. పొలం గట్టు తగవులు, అన్నదమ్ముల వాటాల తగవులు, కట్నాల తగవులు. పెద్దమనుషులు కూర్చుంటారు, బైబిలు తెరుస్తారు, ప్రార్థన చేస్తారు. మంచిదే. అయితే ఎక్కువసార్లు ఎవరిని లొంగదీస్తారు? బలహీనులను. భర్త చేత దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లతో, అమ్మా, క్రిస్మస్ వచ్చేస్తోంది, పండుగకు అల్లుడుగారు ఒంటరిగా ఉంటే బాగుండదు, క్షమించి వెళ్లు తల్లీ అని చెబుతారు. ఆ భర్తను పిలిచి, నీవు చేసినది పాపం అని ముఖం మీద ఎవరైనా చెప్పారా? ఆ పిల్లకు మళ్లీ దెబ్బ పడితే ఎవరు పూచీ? ఇలాంటి రాజీని క్షమాపణ అని పిలవకండి. ఇది రోము శాంతి, బేత్లెహేము సమాధానం కాదు. గాయపడినవారి నోరు మూయించి ఊరంతా ప్రశాంతంగా ఉన్నదనడం కైసరుకు తెలిసిన విద్య.

బైబిలును చూడండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన దినాన అతడు ఏమన్నాడు? ఆస్తిలో సగం బీదలకు ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తాను అన్నాడు. క్షమాపణ పొందినవాడు తీసుకున్నదానిని తిరిగి ఇస్తాడు. గట్టు జరిపినవాడు గట్టును వెనక్కి జరుపుతాడు. యాకోబు ఏశావుల కథనూ చూడండి. తమ్ముడైన యాకోబు అన్న ఏశావును మోసం చేసి పారిపోయాడు. ఇరవై సంవత్సరాల తరువాత అన్న ఎదురు పరుగెత్తి వచ్చి తమ్ముని మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. నీ ముఖం చూస్తే దేవుని ముఖం చూసినట్టున్నదని యాకోబు అన్నాడు. ఆ మీదట ఏం జరిగింది? ఏశావు శేయీరుకు వెళ్లాడు, యాకోబు సుక్కోతుకు వెళ్లాడు. ఒకే ఇంట్లో కాపురం పెట్టలేదు. క్షమించుకున్నారు, వేరువేరుగా బ్రతికారు, తండ్రి ఇస్సాకును పాతిపెట్టే దినాన మళ్లీ ఇద్దరూ కలిసి నిలబడ్డారు. కాబట్టి క్షమించిన ప్రతివారూ మళ్లీ అదే గడపలోకి వెళ్లి అదే దెబ్బకు వీపు చూపించాలని లేఖనం ఎక్కడా చెప్పలేదు.

క్రిస్మస్ కథలోనే యోసేపు ఉన్నాడు. తనకు ప్రధానం చేయబడిన మరియ గర్భవతి అని తెలిసి, తనకు అన్యాయం జరిగిందని అతడు అనుకున్నాడు. దూత ఇంకా రాలేదు, కల ఇంకా రాలేదు, అతనికి నిజం తెలియదు. ధర్మశాస్త్రం అతని చేతిలో ఉంది. ఆ స్థితిలో, అతడు నీతిమంతుడై యుండి ఆమెను అవమానపరచనొల్లక, రహస్యంగా విడనాడ ఉద్దేశించాడని మత్తయి రాశాడు. దయకు ముందు నీతిమంతుడనే మాట ఉంది. అతని నీతి అతనిని కఠినుడిగా చేయలేదు. ఒకరి తప్పు మన చెవిన పడగానే నాలుగు వీధులకు మోసుకుపోయే మనకు, బేత్లెహేముకు దారి ఈ మనిషి గుండా వెళుతుంది.

మన రాష్ట్రం చూసిన సాక్ష్యం

సరే, ఇదంతా ఆనాటి కథ, ఈ రోజుల్లో సాధ్యమా అని యౌవనస్థులు అడుగుతారు. అడగాలి. మన రాష్ట్రానికి ఈ చివర మనం ఉన్నాం, ఆ చివర మయూర్‌భంజ్ ఉంది. బారిపదలో కుష్ఠు రోగుల మధ్య గ్రాహం స్టెయిన్స్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు 1965 నుంచి పని చేశారు. 1999 జనవరి 22 రాత్రి కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో ఆయన తన ఇద్దరు కుమారులతో వాహనంలో నిద్రిస్తుండగా, అర్ధరాత్రి దాటిన తరువాత ఒక గుంపు వచ్చి వాహనానికి నిప్పు పెట్టింది. ఫిలిప్‌కు పదేళ్లు, తిమోతికి ఆరేళ్లు. ఆ తల్లి గ్లాడిస్ స్టెయిన్స్, తన భర్తను బిడ్డలను చంపినవారిని క్షమించానని లోకమంతా వినేలా చెప్పారు. చెప్పి, విమానం ఎక్కి స్వదేశానికి వెళ్లిపోలేదు. మిగిలిన కుమార్తెతో కలిసి బారిపదలోనే ఉండి, 2004 వరకు ఆ కుష్ఠు రోగుల సేవను కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఒక సంగతి గమనించండి, ఇది చాలా ముఖ్యం. ఆమె క్షమించారు, అయినా న్యాయస్థానం తన పని తాను చేసింది. కేసు నడిచింది, సాక్షులు వచ్చారు, తీర్పు వచ్చింది. ప్రధాన నిందితునికి దిగువ కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు జీవిత ఖైదుగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. ఆమె క్షమాపణ ఈ దేశపు చట్టానికి అడ్డం రాలేదు, ఈ దేశపు చట్టం ఆమె క్షమాపణను చిన్నది చేయలేదు. పగ తీర్చుకొనే పనిని ఆమె తన చేతిలో నుంచి దించేశారు. న్యాయం చేసే పనిని ప్రభుత్వం చేతిలో ఉంచారు. క్షమిస్తే నేరస్థులు తప్పించుకుపోరా అని అడిగేవారికి నేను ఈ తల్లినే చూపిస్తాను.

ఇక మన గజపతి జిల్లాకు ఉత్తరాన కొండలు దాటితే కంధమాల్. 2007లో క్రిస్మస్ ముందురోజున అక్కడ మొదలైన అల్లర్లను మనం మరచిపోలేదు. మరుసటి సంవత్సరం 2008 ఆగస్టు 23న జలేస్‌పేట ఆశ్రమంలో స్వామి లక్ష్మణానంద సరస్వతిని, ఆయనతో ఉన్న మరి నలుగురిని సాయుధులు కాల్చి చంపారు. ఆ తరువాత వారాల తరబడి ఇళ్లు కాలాయి, చర్చీలు కాలాయి, మనుషులు చనిపోయారు, వేలాది కుటుంబాలు అడవులలోకి, శిబిరాలలోకి పారిపోయాయి. క్రైస్తవులమైన మనం ఈ సంగతులు చెప్పుకొనేటప్పుడు రెండవ సగం నుంచి మొదలుపెడతాం. అలా చేయవద్దు. ఆశ్రమంలో పడిన ఐదు శవాల కోసం కూడా మనం దుఃఖించాలి. వారికీ తల్లులు ఉన్నారు, వారికీ ఏడ్చేవారు ఉన్నారు. మన వారి రక్తాన్ని మాత్రమే లెక్కపెట్టి సమాధానాన్ని గురించి పాడితే ఆ పాట దేవుని చెవికి ఎక్కుతుందా? ఇళ్లు పోగొట్టుకున్నవారి తరఫున న్యాయం అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. వారి బదులు క్షమాపణను మాత్రం మనం ప్రకటించవద్దు. మన గోడలకు మసి అంటలేదు. వారు క్షమించినప్పుడు మనం తల వంచి విందాం. వారు ఇంకా క్షమించలేకపోతే వారి పక్కన కూర్చుందాం.

మధ్య గోడ

ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు, ఆయన మన సమాధానమై యుండి మధ్యగోడను పడగొట్టాడని రాశాడు. ఆ రోజుల్లో ఇది ఊహలోని గోడ కాదు. యెరూషలేము దేవాలయ ఆవరణంలో నిజంగానే ఒక అడ్డుగోడ ఉండేది. దానిని దాటి లోపలికి వచ్చిన అన్యుడు, అంటే యూదుడు కానివాడు, తరువాత వచ్చే తన చావుకు తానే బాధ్యుడని దానిమీద గ్రీకులో చెక్కి ఉండేది. ఆ రాతిపలక 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మన ప్రాంతం గుండా ఒక గీత పడింది. మేనమామ పాతపట్నంలో, మేనల్లుడు పర్లాకిమిడిలో. ఆ గీతతో మనం బాగానే బ్రతికాం, పెళ్లిళ్లు చేసుకున్నాం, బియ్యం పంచుకున్నాం. రాజ్యాలు గీసిన గీత మనల్ని అంతగా విడదీయలేదు. మనం గీసుకున్న గీతలు విడదీస్తున్నాయి. కెనడా బాప్తిస్టు మిషనరీలు ఈ ఊరిలోను సెరంగోలోను పని చేసిన కాలం నుంచి తెలుగువారు, సవరవారు ఒకే సువార్తను విన్నారు. ఇన్ని సంవత్సరాల తరువాత కూడా, కొండ మీది నుంచి వచ్చిన సవర సహోదరుడు మన చర్చిలో వెనుక చాపమీదే ఎందుకు కూర్చుంటున్నాడు? బల్ల దగ్గర ఒకే రొట్టె తీసుకొని, పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి పాత కులం ఎందుకు అడుగుతున్నాం? సమాధుల దొడ్డిలో కూడా మనవాళ్లు, వాళ్లవాళ్లు అని ఎందుకు చూసుకుంటున్నాం? ఇక్కడ మనం గాయపడినవారం కాము, గాయపరిచినవారం. మనం క్షమించడానికి కాదు, క్షమించమని అడగడానికి వెళ్లవలసినవారం. మత్తయి ఐదవ అధ్యాయంలో ప్రభువు చెప్పినది ఇదే కదా: నీవు అర్పణం తెచ్చినప్పుడు నీమీద నీ సహోదరునికి విరోధం ఏమైనా ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ఎదుటనే విడిచిపెట్టి, మొదట వెళ్లి సమాధానపడు. నీకు అతనిమీద కాదు, అతనికి నీమీద. అడుగు వేయవలసింది నీవే.

పెద్దలకు నా మనవి ఒకటి. క్రిస్మస్ ఆరాధనలో కృతజ్ఞతార్పణ పట్టడానికి ముందు ఈ వాక్యం చదివించండి. చదివి, కొంతసేపు ఆగండి. ఎవరైనా లేచి బయటికి వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి. ఆ పూట అర్పణ తగ్గితే తగ్గనివ్వండి.

ఇప్పుడే ఒక చీటీ నా చేతికి వచ్చింది. పేరు రాయలేదు, మంచిది. క్షమించమని అడగనివాడిని కూడా క్షమించాలా అని ఉంది. దీనికి జవాబు చెప్పి ముగిస్తాను.

సంఘ పంచాంగంలో డిసెంబరు 25 తరువాతి దినం, డిసెంబరు 26, ఎవరి దినం? పశ్చిమ సంఘాలలో అది తొలి క్రైస్తవ హతసాక్షి స్తెఫను జ్ఞాపకార్థ దినం. డిసెంబరు 28, బేత్లెహేములో హేరోదు చంపించిన పసిపిల్లల దినం. పూర్వికులు ఈ దినాలను పండుగ పక్కనే పెట్టారు. స్తెఫనును రాళ్లతో కొట్టినవారిలో ఒక్కడైనా అతనిని క్షమించమని అడిగాడా? అడగలేదు. చెవులు మూసుకొని మీద పడ్డారు. అతడు మోకాళ్లూని, ప్రభువా, వారిమీద ఈ పాపం మోపకుము అని ప్రార్థించాడు. కాబట్టి చీటీ రాసిన అమ్మకు, లేక అయ్యకు, నా జవాబు ఇది: అవును, అడగనివానిని కూడా క్షమించవచ్చు. అది దేవునికి మీకు మధ్య జరిగే పని. అతనితో తిరిగి కలవడం మాత్రం వేరు, దానికి అతడు కూడా రావాలి, నిజం ఒప్పుకోవాలి. అతడు రాకపోతే ఆ లోటు మీది కాదు.

మీకు క్షమించే శక్తి ఇంకా రాలేదనుకోండి. అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయంలో దమస్కువాడైన అననీయను చూడండి. స్తెఫనును చంపిన దినాన సాక్షుల వస్త్రాలకు కాపలా ఉన్న సౌలు దగ్గరకు వెళ్లమని ప్రభువు అతనికి చెప్పాడు. అననీయ వెంటనే సరే అనలేదు. ప్రభువా, ఈ మనిషి నీ పరిశుద్ధులకు ఎంతో కీడు చేశాడని విన్నానని, తన భయాన్ని, తన ఫిర్యాదును ఉన్నది ఉన్నట్టు దేవునికి చెప్పాడు. దేవుడు అతనిని గద్దించలేదు, విన్నాడు. విని, వెళ్లమన్నాడు. అప్పుడు అతడు ఆ ఇంటికి వెళ్లి, సౌలుమీద చేతులుంచి, సౌలా, సహోదరుడా అని పిలిచాడు. మీరూ ఈ రాత్రి ఆ ఫిర్యాదుతోనే మొదలుపెట్టండి. ఆ మనిషి పేరు చెప్పండి, అతడు చేసినది చెప్పండి, దాచవద్దు. దయచేసి అందరూ లేచి నిలబడండి. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఎవరి భాషలో వారు, తెలుగులో, ఒడియాలో, సవరలో కలిసి చెబుదాం. మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము అనే చోటికి వచ్చినప్పుడు ఎవరికైనా మాట రాకపోతే అక్కడే ఆగండి, మిగిలినవారు మీ కోసం ఆ మాట చెబుతారు.